పాత కారు కొనేముందు ఎవరూ తుడవని చోట్ల చూడండి

ఒకే మోడలు, ఒకే ఏడాది, ఒకే రంగు కార్లు రెండు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఒకటి ఇంజినూ గేర్‌బాక్సూ గట్టిగా ఉన్న బండి, 5 లక్షలు చేస్తుంది. రెండోది ఒకసారి వరద నీళ్లలో మునిగి తేలింది, 3 లక్షలకు మించి చేయదు. ఏది ఏదో అమ్మేవాళ్లకు తెలుసు, కొనేవాళ్లకు తెలీదు. తెలీదు కాబట్టి కొనేవాళ్లు మధ్యేమార్గంగా 4 లక్షలు చెబుతారు. మునిగిన బండి ఓనరు సంతోషంగా తాళాలు ఇచ్చేస్తాడు. మంచి బండి ఓనరు మాత్రం ‘ఈ రేటుకైతే మా బావమరిదికే ఇచ్చుకుంటా’ అని ఇంటికి తోలుకుపోతాడు. ఇలా జరిగేకొద్దీ బయట అమ్మకానికి మిగిలేవి ఎక్కువగా లోపాలున్న బండ్లే. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్లనే ఉదాహరణగా తీసుకుని ఈ లెక్క కట్టి చూపించారు. 2001లో ఆయనకూ, మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లకూ కలిపి నోబెల్ వచ్చింది.

తిరుపతిలోనూ చిత్తూరులోనూ ఇది రోజూ జరిగేదే. యూనివర్సిటీ స్టాఫు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు వాడిన మంచి బండ్లు బోర్డు పెట్టకముందే చుట్టాలకో కొలీగ్‌కో వెళ్లిపోతాయి. అందుకే బ్రోకర్ దగ్గరికి వెళ్లేముందు ఓ నెలపాటు తెలిసినవాళ్లందరికీ ‘కారు కావాలి, ఎవరైనా అమ్ముతుంటే చెప్పండి’ అని చెప్పి ఉంచండి. అలా దొరికితే చాలా మంచిది. దొరక్కపోతే కింద రాసిన పని మొత్తం చేయాల్సిందే.

పని అంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది. అమ్మేవాళ్లు కొనేవాళ్ల కంటపడే చోటే తుడుస్తారు. పెయింటు, డాష్‌బోర్డు, సీటు కవర్లు, టైర్ల పక్కలు, ఇంజిన్ పైభాగం ఇవన్నీ తళతళలాడతాయి. సీటు బెల్టు లోపలి చివర, కార్పెట్ అడుగు, బోల్టు తలలు, ఇన్సూరెన్స్ కాగితంలో ఓ మూల ఉండే పర్సెంటేజీ, వీటిని ఎవరూ తుడవరు. బండి చరిత్ర అక్కడే మిగిలి ఉంటుంది.

బండి ఎక్కడి నుంచి వచ్చింది

మన దగ్గర అమ్మకానికొచ్చే కార్లలో జాగ్రత్తగా చూడాల్సినవి మూడు రకాలు. కొండకు, కాణిపాకానికి, శ్రీకాళహస్తికి భక్తులను తిప్పిన ట్రావెల్స్ బండ్లు ఒకటి. చెన్నై నుంచి వచ్చే తమిళనాడు బండ్లు రెండు. పలమనేరు మీదుగా బెంగళూరు నుంచి దిగే కర్ణాటక బండ్లు మూడు. ఒక్కోదానికీ దాచే జబ్బు వేరు. ట్రావెల్స్ బండికి కిలోమీటర్లు దాస్తారు. చెన్నై, బెంగళూరు బండ్లకు నీళ్లు దాస్తారు. 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానులో చెన్నైలో, 2022 సెప్టెంబరులో బెంగళూరులో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కార్లు మునిగాయి. మన తిరుపతిలోనే 2021 నవంబరులో వీధుల్లో కార్లు తేలాయి. ‘ఆ నెలలో ఈ బండి ఏ ఊళ్లో ఉంది, ఎవరి పేరు మీద ఉంది’ అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. వరద వచ్చిన రెండు మూడు నెలల్లో ఓనరు మారి ఉంటే చాలా గట్టిగా అనుమానించండి. మునిగిన కార్లకు ఇన్సూరెన్స్ కంపెనీ పూర్తి నష్టం కింద డబ్బు కట్టేసి, బండిని వేలంలో అమ్మేస్తుంది. వాటినే బాగుచేసి మళ్లీ రోడ్డెక్కిస్తుంటారు.

నంబరు ప్లేటు చూసి జిల్లా తెలిసే రోజులు పోయాయి. ఒకప్పుడు ఏపీ 03 అంటే చిత్తూరు జిల్లా రిజిస్ట్రేషన్. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ వచ్చింది కాబట్టి ఏపీ 39 బండి శ్రీకాకుళానిదైనా కావచ్చు. ఆర్సీలో ఉన్న అడ్రసు, రిజిస్టర్ చేసిన ఆఫీసు చూడాలి.

ఇంటి నుంచి కదలకముందే కాగితాలు

ఫోన్లో నంబరు అడిగి కేంద్ర రవాణా శాఖ వారి ఎం-పరివాహన్ యాప్‌లో కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, బండి తరగతి, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి వస్తాయి. ‘సింగిల్ ఓనర్’ అని చెప్పిన బండికి ఆర్సీలో రెండో ఓనరని ఉంటే మిగతా మాటలు వినాల్సిన పని లేదు. పెండింగ్ చలాన్లు కూడా చూడండి. ఓవర్‌స్పీడు చలాన్లు ఎక్కడెక్కడ పడ్డాయో గమనిస్తే బండి ఏ రూట్లలో తిరిగిందో అర్థమవుతుంది.

తర్వాత ఇన్సూరెన్స్ పాలసీ ఫొటో పంపమనండి. గడువు తేదీ చూసి ఊరుకోకండి. అందులో నో క్లెయిమ్ బోనస్ అని ఒక గడి ఉంటుంది. క్లెయిమ్ లేకుండా ఒక ఏడాది గడిస్తే 20 శాతం, రెండేళ్లకు 25, మూడేళ్లకు 35, నాలుగేళ్లకు 45, ఐదేళ్లకు 50. ఒకే ఓనరు దగ్గర ఆరో ఏడు నడుస్తున్న బండికి 50 ఉండాలి. 20 మాత్రమే ఉంటే పోయిన ఏడాదికి ముందటి ఏడాది క్లెయిమ్ తీసుకున్నారని అర్థం. సున్నా ఉంటే పోయిన ఏడాదే క్లెయిమ్ అయి ఉండాలి, లేదా పాలసీ 90 రోజులకు మించి ఖాళీగా పడి ఉండాలి. ‘చిన్న గీత కూడా పడలేదు సార్’ అన్న మాటకూ ఈ గడికీ పొంతన కుదరాలి. క్లెయిమ్ ఉన్నంత మాత్రాన బండి చెడ్డదని కాదు, బంపర్‌కైనా క్లెయిమ్ చేస్తారు. కానీ దేనికి చేశారో, ఎంత బిల్లయిందో కాగితం చూపించమనే హక్కు మీకు వస్తుంది. ఓనరు మారితే బోనస్ సున్నా నుంచి మొదలవుతుంది, థర్డ్ పార్టీ పాలసీకి అసలు ఉండదు, బోనస్ కాపాడే యాడ్-ఆన్ తీసుకుంటే క్లెయిమ్ తర్వాత కూడా తగ్గదు. ఇవి గుర్తుంచుకుని లెక్క వేయండి.

ఇంకో కాగితం ఉంది, ఎవరూ అడగరు. ఫాస్టాగ్ స్టేట్‌మెంట్. ఏ తేదీన ఏ టోల్ దాటిందో వరసగా ఉంటుంది. గాదంకి, వడమాలపేట టోల్ గేట్లు నెలకు ముప్పైసార్లు కనిపిస్తే అది ఆదివారం గుడికెళ్లే కుటుంబం బండి కాదు. 2025 ఆగస్టు 15 నుంచి తిరుమలకు వెళ్లే వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు కాబట్టి అలిపిరి ట్రిప్పులు కూడా తెలుస్తాయి. ఓనరు తన ఫోన్లో మీ ఎదుటే ఆరు నెలల లిస్టు చూపిస్తే చాలు. మంచి బండి అమ్మేవాళ్లకు ఇందులో దాచుకోవాల్సిందేమీ ఉండదు.

సర్వీస్ రికార్డు కోసం ఓనరును వెంటబెట్టుకుని కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. తేదీ, కిలోమీటర్లు, మార్చిన పార్టులు కంప్యూటర్‌లో ఉంటాయి. రీడింగు ఎక్కడైనా వెనక్కి వెళ్లిందా చూడండి. 2021లో 62 వేలు, 2023లో 48 వేలు అని ఉంటే ఇక చెప్పేదేముంది. రికార్డు ఉన్నట్టుండి ఆగిపోతే ఆ తర్వాత ఎక్కడ సర్వీస్ చేయించారో బిల్లులు అడగండి.

రీడింగు నిజమా

డిజిటల్ మీటరు వచ్చాక రీడింగు తగ్గించడం కష్టమనుకుంటారు. ల్యాప్‌టాప్ ఉన్నవాడికి అరగంట పని. అందుకే మీటరును నమ్మకుండా టైర్లు చదవండి. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారం గడిలో నాలుగంకెలుంటాయి. 3722 అంటే 2022లో 37వ వారంలో తయారైంది. ఇప్పుడు ఇలా ఆలోచించండి. బండి 2020 మార్చిలో రిజిస్టర్ అయింది, మీటరు 36 వేలు చూపిస్తోంది. కంపెనీ టైర్లు మామూలుగా 40, 50 వేలు వస్తాయి. అంటే ఈ బండికి ఇంకా మొదటి టైర్లే ఉండాలి, వాటి మీద 19 లేదా 20 అన్న ఏడాది ఉండాలి. నాలుగింటి మీదా 3722 ఉంటే రెండున్నరేళ్లలోనే మొదటి సెట్టు అరిగిపోయిందన్నమాట. డిక్కీలో స్టెప్నీ మీద తేదీ కూడా చూడండి, అది సాధారణంగా బండితో పాటు వచ్చిందే ఉంటుంది. అది కూడా మారి ఉంటే ఎందుకని అడగండి.

తర్వాత చెప్పులు విప్పి డ్రైవర్ సీట్లో కూర్చోండి. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు మీద గీతలు ఒట్టికాలికి తగలాలి. 35 వేలు తిరిగిన బండికి అవి నున్నగా అయిపోవు. పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తగా మెరుస్తూ, పక్కనున్న యాక్సిలరేటర్ అరిగి ఉంటే అవి ఈ మధ్యే మార్చినవి.

ట్రావెల్స్‌లో తిరిగిన బండికి ఒక గుర్తు ఉంది, దాన్ని కవర్లతో దాచలేరు. సొంత కారులో డ్రైవర్ సీటు అరుగుతుంది, వెనక సీటు దాదాపు కొత్తగా ఉంటుంది. టాక్సీలో రెండూ అరుగుతాయి. వెనక సీటు మీద అరచేయి గట్టిగా నొక్కి, మధ్యలోనూ రెండు చివరలా స్పాంజి ఎంత దిగుతుందో పోల్చండి. ఎడమవైపు వెనక డోరు హ్యాండిల్ చుట్టూ గోళ్ల గీతలు, ఆ డోరు మూసినప్పుడు వదులు శబ్దం, డిక్కీ గడప మీద సూట్‌కేసులు ఈడ్చిన గాట్లు, పైన లగేజీ క్యారియర్ బిగించిన మచ్చలు వెతకండి. ఆర్సీలో ఒకప్పుడు మోటార్ క్యాబ్ (టాక్సీ) అని ఉండి తర్వాత మోటార్ కార్ (సొంత బండి)గా మార్పించి ఉండొచ్చు. మొదటి నుంచీ ఓన్ బోర్డే, అంటే సొంత బండిగానే రిజిస్టర్ అయినా దొంగచాటుగా ట్రిప్పులు కొట్టి ఉండొచ్చు. ఆ రెండోదాన్ని కాగితం పట్టుకోలేదు, వెనక సీటే చెప్పాలి.

ఎక్కువ తిరిగిందని బండిని తోసిపుచ్చాల్సిన పని లేదు. లక్షన్నర కిలోమీటర్లు హైవే మీద నిదానంగా నడిచి, టైముకు ఆయిల్ మార్చిన డీజిల్ బండి, 40 వేలు కొండకు ఎక్కిదిగిన బండి కంటే నయం కావచ్చు. లక్షన్నరను 50 వేలని చెప్పి 50 వేల రేటు తీసుకోవడమే మోసం.

నీళ్లు, దెబ్బలు

మునిగిన బండిని పట్టుకోవడానికి పది నిమిషాలు చాలు. నాలుగు సీటు బెల్టుల్నీ ఆగేదాకా పూర్తిగా లాగండి. రోజూ బయటికి రాని చివరి మూరెడు మీద బురద చార, గట్టిపడిన బట్ట, ముక్కిపోయిన వాసన ఉంటే ఆ బండి మునిగిందే. ఎంత బాగా కడిగినా ఆ చుట్టలోకి చేయి పోదు. తర్వాత డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ అంచు లేపి కింద స్పాంజిని నొక్కి వేలు వాసన చూడండి. సీటు పట్టాల కింద తుప్పు, స్టెప్నీ గుంతలో సన్నని ఒండ్రు, ఫ్యూజ్ బాక్సు మూలల్లో మట్టి, డాష్‌బోర్డు కింద వైరు కనెక్టర్లలో ఆకుపచ్చని చిలుము, హెడ్‌లైటు లోపల ఆవిరి. వీటిలో ఏ రెండైనా కలిసి కనిపిస్తే బండి ఎంత చవకైనా వద్దు. నీళ్లు తాగిన వైరింగు ఏడాది తర్వాత ఒక్కొక్కటిగా చస్తుంది, దాన్ని పూర్తిగా బాగుచేయగలిగిన మెకానిక్ ఉండడు.

యాక్సిడెంట్ విషయానికొస్తే, డోరు గీత పడి పెయింటు వేయించడం వేరు, బాడీ వంగి సాగదీయించడం వేరు. మొదటిదానికి బేరం తగ్గించండి చాలు, రెండోదాన్ని వదిలేయండి. తేడా ఇలా తెలుస్తుంది. బానెట్ తీసి ఫెండర్, బానెట్ కీలు బోల్టుల తలలు చూడండి. కంపెనీలో బిగించి రంగేసిన బోల్టు మూలలు చెక్కుచెదరవు. పానా పడితే మూలల్లో పెయింటు లేస్తుంది. రేడియేటర్‌ను పట్టి ఉంచే అడ్డపట్టీ, ఇంజిన్‌కు రెండు పక్కల ఉండే లోపలి రేకులు (ఏప్రాన్లు), కింద ముందుకు వచ్చే పొడవాటి ఛాసిస్ కడ్డీలు ముడత లేకుండా, రెండు వైపులా ఒకేలా ఉండాలి. డోరు చుట్టూ ఉన్న రబ్బరు బీడింగ్‌ను చేత్తో లాగితే ఊడొస్తుంది, మళ్లీ నొక్కితే కూర్చుంటుంది. దాని కింద సమాన దూరంలో గుండ్రని వెల్డింగ్ చుక్కలు వరసగా ఉండాలి. ఆ వరస మధ్యలో మాయమై నున్నగా ఉన్నా, గరుకుగా ఉన్నా అక్కడ కోసి అతికించారు.

లప్పం పట్టుకోవడానికి మెత్తటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం పనికొస్తుంది, మందంగా లప్పం ఉన్నచోట పట్టదు. పెయింటు మందం కొలిచే గేజ్ ఉంటే ఇంకా నిక్కచ్చి. కంపెనీ పెయింటు సుమారు 90 నుంచి 150 మైక్రాన్లు. 200 దాటితే మళ్లీ పెయింటు వేశారు, 400 దాటితే కింద లప్పం ఉంది. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి ఈ రెండూ దాని మీద పనిచేయవు.

తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా ఘోరం, పేలిన బ్యాగులు కొత్తవి వేయకుండా లైటు తీగ తెంపి ఉండొచ్చు. ఇది మీ ఇంట్లోవాళ్ల ప్రాణాలతో పని, దీని మీద రాజీ పడకండి.

చల్లని ఇంజిన్, ఘాట్ రోడ్డు

పొద్దున్నే వెళ్లండి, ‘మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకు టీ తాగి వచ్చేసి మర్నాడు వెళ్లండి. వేడెక్కిన ఇంజిన్ చాలా జబ్బుల్ని దాచేస్తుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతోంది. ఆయిల్ పోసే మూత అడుగున మజ్జిగలాంటి జిడ్డు ఉన్నా అదే అర్థం. డీజిల్ బండి ఆయిల్ నల్లగా ఉందని భయపడకండి, అది వేసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. డీజిల్‌కు ఇంకో పరీక్ష, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి దాని చోటే పెట్టండి. కొద్దిగా వణికితే సరే, ఎగిరి పడుతూ పొగ తన్నుతుంటే రింగులు పోయాయి.

క్లచ్‌కు, హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, మెల్లగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా నడుస్తూ ఉంటే ప్లేటు అయిపోయింది. ఒక్కసారే చేయండి, పదేపదే చేస్తే మంచి ప్లేటు కూడా కాలుతుంది. ఊళ్లో రెండు వీధులు తిప్పి ‘స్మూత్‌గా ఉంది’ అనుకోవద్దు. తిరుపతి వాళ్లు భాకరాపేట ఘాట్, చిత్తూరు వాళ్లు మొగిలి ఘాట్ దాకా నలుగురితో తీసుకెళ్లండి, పెట్రోలు మీరే పోయించండి. ఎక్కేటప్పుడు ఏసీ ఆన్‌లో పెట్టి టెంపరేచర్ గమనించండి. ఇంజిన్ శబ్దం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. దిగాక చదును రోడ్డు మీద వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి బ్రేక్ నొక్కండి. పెడల్ పాదం కింద కొట్టుకుంటున్నట్టు అనిపిస్తే డిస్కులు వంకర తిరిగాయి. కొండకు తిరిగిన బండ్లకు ఇది మామూలు. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోనిచ్చినప్పుడు టకటక వస్తే యాక్సిల్ జాయింట్లు అరిగాయి.

చివరగా ఓబీడీ స్కానర్, అంటే బండి కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్లు చదివే చిన్న పరికరం. బ్లూటూత్‌తో ఫోనుకు కలిసేవి చవకగానే దొరుకుతాయి. ఎర్రర్ కోడు లేదని సంతోషపడేముందు ‘కోడ్లు చెరిపాక తిరిగిన దూరం’ చూడండి. అక్కడ 12 కిలోమీటర్లని ఉంటే మీరొస్తున్నారని నిన్న రాత్రే చెరిపేశారు. పెట్రోలు బండ్లలో స్వీయ పరీక్షలు చాలావరకు ‘పూర్తి కాలేదు’ అని చూపించినా అదే సంగతి.

బేరం, అప్పగింత

బేరం మొదలుపెట్టకముందు ఒక్కటి అడగండి: ‘లిఫ్ట్ ఉన్న గ్యారేజీలో మా మెకానిక్‌కు చూపిస్తాం, ఖర్చు మాది.’ ఆ మెకానిక్ అమ్మేవాళ్ల తరఫువాడు, బ్రోకర్ తెచ్చినవాడు కాకూడదు. బ్రోకర్‌కు రెండు వైపులా కమిషన్ ఉంటుంది, బేరం కుదరకపోతే ఆయనకేమీ రాదు. ‘చూపించుకోండి’ అన్నవాళ్ల బండిలో లోపాలు బయటపడ్డా, వాటి రిపేరు ఖర్చు రాసుకుని రేటు తగ్గించుకోవచ్చు. ‘అవసరం లేదు సార్, మా మాట మీద నమ్మకం లేదా’ అన్నవాళ్లకు అడ్వాన్స్ ఇవ్వకండి. ‘సాయంత్రానికి ఇంకో పార్టీ వస్తోంది’ అని తొందరపెడితే, ఆ పార్టీకే ఇచ్చేయమనండి.

డబ్బు ఆర్సీలో పేరున్న మనిషి బ్యాంకు ఖాతాకే వేయండి. ఫైనాన్స్ మిగిలి ఉంటే ఆ మొత్తం నేరుగా లోన్ ఖాతాకు కట్టి, ఫైనాన్స్ సంస్థ ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి ఫైనాన్స్ తీయించే ఫారం 35 వచ్చాకే మిగతాది ఇవ్వండి. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఫారం 28 ఎన్ఓసీ లేకుండా ముట్టుకోవద్దు. 12 నెలలు మించి ఇక్కడ ఉంచితే మన నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ ఎంతో ముందే ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని బండి రేటుకు కలిపి చూడండి. చెన్నై బండి చవక అనిపించడం చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది. డీలర్ దగ్గరైతే ఆర్టీఓ ఇచ్చిన ఆథరైజేషన్ సర్టిఫికెట్ చూపించమనండి, 2023 ఏప్రిల్ నుంచి అది ఉండాలి.

ఓనరు పేరు మార్పుకు పెట్టే ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకుని, పేర్లూ తేదీలూ మీ ఎదుటే నింపించండి. ఖాళీ ఫారాల మీద సంతకాలతో నలుగురి చేతులు మారిన బండి వద్దు. ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి. ఇన్సూరెన్స్ పేరు మార్పుకు 14 రోజులు. ఇది అమ్మేవాళ్లకు కూడా అవసరమే. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదేనని నవీన్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

అప్పగింత రశీదు రెండు కాపీలు రాయండి. అందులో తేదీతో పాటు గంట, నిమిషం, మీటరు రీడింగు, ఛాసిస్ నంబరు ఉండాలి. ‘ఈ రీడింగు నిజమైనది, బండి నీళ్లలో మునగలేదు, టాక్సీగా తిరగలేదు’ అని అమ్మేవాళ్లు రాసి సంతకం చేయాలి. ఇన్నాళ్లూ నోటితో చెప్పింది రాయమనేసరికి పెన్ను ఆగితే మీరూ అక్కడే ఆగండి. సంతకం అయితే రెండో తాళంచెవి తీసుకుని, పాత ఫాస్టాగ్ వాళ్లతోనే క్లోజ్ చేయించి, అప్పుడు బండి బయటికి తీయండి.